ఏకవచనం

ఆ ఆదివారం పొద్దున పళ్ళాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇల్లు ఊడ్చి, రెండో కుర్చీ దుమ్ము దులిపి, బస్సు దిగే గురువుగారిని ఇంటికి తీసుకొచ్చి, తాను చేసిన స్పీకర్లు వినిపించాలి. ఇంత చిన్న పనిని చెడగొట్టడానికి ఊరంతా కదిలి రానక్కర్లేదు. నలుగురు చాలు. ఆ నలుగురూ వచ్చారు.

ముందు ఆయన పేరు సంగతి చెప్పుకోవాలి. పళ్ళాయన అంటే పళ్ళు అమ్మేవాడు కాదు. కొత్తవాళ్ళు అలాగే అనుకుని కిలో ఎంతని అడిగేవారు. దంతవైద్యుడి క్లినిక్కు వెనక గదిలో కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆయన పని. బల్ల నిండా ప్లాస్టరు దవడలు ఉంటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని నోళ్ళ మధ్య కూర్చుంటాడు, ఒక్క నోరూ పలకరించదు. ఇంటికొస్తే అక్కడా అంతే. భార్య పోయి మూడేళ్ళు దాటింది, పిల్లల్లేరు. అక్కా బావా ఊరికి ఆ చివరన ఉంటారు. ఏదైనా విశేషం ఉంటే తప్ప రారు. ఆయనకి విశేషాలేమీ ఉండవు.

ఆ ఖాళీలోకి దూరింది ఈ స్పీకర్ల పిచ్చి. కొనుక్కుంటే ఒక్క పూటలో తీరిపోయే పిచ్చి. ఈయన సొంతంగా చేశాడు. ప్లైవుడ్ కోయించి, అతికించి, ఎక్కడా గాలి పోకుండా అతుకుల్లో పళ్ళకి వాడే మైనం దట్టించి, ఛాతీ ఎత్తున రెండు పెట్టెలు నిలబెట్టాడు. ఎలా చేయాలో మొదట్నుంచీ ఫోనులో చెప్పినవాడు గురువుగారు. ఇలాంటి పిచ్చే ఉన్నవాళ్ళ గ్రూపులో పరిచయమయ్యాడు. ఆయన ముఖం పళ్ళాయన ఎప్పుడూ చూడలేదు. బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతు మాత్రం బాగా తెలుసు. రోజూ సాయంత్రం ఏదో ఒక సందేహం అడగడానికి ఫోను చేసేవాడు. సందేహం లేని రోజున ఒకటి పుట్టించుకునేవాడు. ఇప్పుడు పెట్టెలు పూర్తయ్యాయి. గురువుగారు విని, బాగున్నాయని చెప్పి వెళ్ళిపోతే రేపట్నుంచి ఏ వంక పెట్టుకుని ఫోను చేయాలన్నది ఒక బెంగ. బాగాలేవని లేచిపోతే ఎలాగన్నది ఇంకో బెంగ.

ఒక్క లోపం మాత్రం మిగిలింది. గది మోగుతోంది. పళ్ళాయన చప్పట్లు కొడితే గోడలు తిరిగి చప్పట్లు కొడుతున్నాయి. భార్య ఉన్నప్పుడు ఈ గది ఇలా మోగినట్టు గుర్తులేదు. పరదాలు కట్టాడు. పరుపును గోడకి నిలబెట్టి తాను నేలమీద పడుకున్నాడు. మోత అలాగే ఉంది, నడుంనొప్పి మాత్రం వచ్చింది.

ఇంట్లో సిగ్నలు అందదు కాబట్టి ఫోనంటే బాల్కనీలోకి రావాలి. బాల్కనీ కిందే టీచరమ్మ కిటికీ. స్కూల్లో వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషి, ఆవిడా ఒంటరే. ఆ కిటికీ ఎండకీ వానకీ తెరిచే ఉంటుంది. వినడానికి కాదు, గాలికి అని ఆవిడ అంటుంది. గాలితోపాటు ఆ పొద్దున ఇవి కూడా వచ్చాయి.

"గురువుగారూ, బయల్దేరారా? రెండోది కూడా వచ్చేసిందండీ. ఆ, మొదటిదాని పక్కనే నిలబెట్టాను. ఒక్కదాంతో ఏం సుఖమండీ, ఇది వచ్చాకే ఇంటికి కళొచ్చింది. లేదండీ, కొత్త కదా, ఇంకా బిగుసుకుపోయి ఉంది. రాత్రంతా వాగించాను. ఆ, కింది వాళ్ళకి వినపడకుండా దుప్పటి కప్పేశాను. మీరొచ్చి ఒకసారి చూసి సరేనంటే, ఇక నా దగ్గరే ఉంచేసుకుంటాను."

తప్పు పళ్ళాయనది కాదు, టీచరమ్మదీ కాదు. తప్పంతా భాషది. మన భాషలో ఆడమనిషైనా అదే, అలమరైనా అదే. వచ్చింది అంటే మనిషి వచ్చిందో మంచం వచ్చిందో దేవుడికెరుక. టీచరమ్మ పిల్లలకి ఈ పాఠమే జీవితమంతా చెప్పింది. అవసరానికి మాత్రం గుర్తురాలేదు. వెంటనే పళ్ళాయన అక్కకి ఫోను చేసింది.

"ఏమీ అనుకోకమ్మా. మీ తమ్ముడు ఇంట్లో ఒకావిణ్ణి పెట్టాడు."

"మావాడా?" అంది అక్క. "వాడికి పక్కింటివాళ్ళని పలకరించడమే రాదండీ."

"అది, దాన్ని అంటున్నాడమ్మా. అంత చనువు. దుప్పటి కప్పి దాచాడట. ఇదే మొదటిదీ కాదు, రెండోదిట."

"మొదటిది మా మరదలే కదండీ."

"మొదటిది పక్కనే నిలబడి ఉందన్నాడు."

 అవతల ఏదో సంచీ జిప్పు లాగిన చప్పుడు, "ఏవండీ, చొక్కా వేసుకోండి" అన్న కేక వినిపించాయి.

ఇదేమీ తెలియని పళ్ళాయన చక్కగా తల దువ్వుకుని, స్పీకర్లలో పరీక్ష డిస్కు వేసి, ఫోను బాల్కనీలోనే మరిచిపోయి, తలుపుకి తాళం వేసి బస్టాపుకి వెళ్ళాడు. కొత్త స్పీకర్లు కొన్నాళ్ళు ఆగకుండా మోగితే గానీ గొంతు విప్పవని గురువుగారి మాట. ఆ డిస్కులో పాటలేమీ ఉండవు. ఒక అమ్మాయి గొంతు మాత్రం ఉంటుంది. ఏ స్పీకరు ఏ వైపు ఉందో సరిచూసుకోవడానికి, నేను ఎడమ వైపు ఉన్నాను, కుడి వైపు ఉన్నాను, ఎదురుగా ఉన్నాను అని చెబుతూ పోతుంది. ఒక్కసారి విని తీసేయాల్సిన డిస్కు అది. పళ్ళాయన రోజూ వేసేవాడు. ఎదురుగా ఉన్నానని ఆ ఇంట్లో ఎవరైనా చెప్పి చాలా కాలమైంది.

బస్టాపులో ఆయన ఒక భారీ మనిషి కోసం వెతకసాగాడు. ఆ గొంతుకి అంత ఒళ్ళు లేకపోతే కుదరదని ఆయన లెక్క. దిగిన ప్రతి లావాటి మనిషినీ "గురువుగారా?" అని అడిగాడు. ఒకాయన అవునన్నాడు గానీ, ఆయన డ్రైవింగ్ నేర్పే గురువు. అసలు గురువుగారు గుప్పెడంత మనిషి. పళ్ళాయన పక్కనుంచే దిగి, చిరునామా అడుక్కుంటూ నడిచి వెళ్ళిపోయాడు.

ఈలోగా అక్కా బావా మెట్లెక్కారు. వెనకే టీచరమ్మ.

"తాళం వేసి ఉందే" అంది అక్క.

లోపల్నుంచి మెత్తటి ఆడగొంతు వినిపించింది. "ఇప్పుడు నేను ఎడమ వైపు ఉన్నాను."

అక్క తలుపుకి చెవి ఆనించింది. "మనిషిని లోపల పెట్టి తాళం వేసుకుపోయాడా? ఈ పని మా ఇంటా వంటా లేదు. అమ్మాయీ, భయపడకు. నేను వాడి అక్కని. తలుపు దగ్గరికి రా."

"ఇప్పుడు నేను కుడి వైపు ఉన్నాను."

"ఎదురుగా వచ్చి మాట్లాడమ్మా."

"ఇప్పుడు నేను మీ ఎదురుగా ఉన్నాను."

"ఉంటే కనపడవేం?" అంది అక్క, తాళం కప్ప లాగి చూస్తూ.

"ఇప్పుడు నేను ఎడమ వైపు ఉన్నాను."

"పచార్లు చేస్తోంది పాపం, ఏం తోచక" అన్నాడు బావ, సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ. బావ ఏ విషయంలోనూ తొందరపడి కోపం తెచ్చుకోడు. "రెండోది చప్పుడు చేయట్లేదు. నిద్రపోతోందేమో."

సరిగ్గా అప్పుడు గురువుగారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, ఆ బావి గొంతుతో అడిగాడు. "ఆయన లేరాండీ? చూసి వెళ్దామని వచ్చాను. గురువుగారని పిలుస్తుంటారు లెండి."

"మీరేనా ఆ గురువు?" అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "వాడికి ఈ ఆలోచన పెట్టింది మీరేనా?"

గురువుగారు సిగ్గుపడ్డాడు. "నాదేం లేదండీ, శ్రమంతా ఆయనదే. మొదటిదాంతోనే ఆపేద్దామనుకున్నారు. జత ఉంటేనే సుఖమని నేనే చెప్పాను."

"మీకు ఇంట్లో ఆడవాళ్ళున్నారా?"

"మా ఆవిడుందండీ."

"మరి మీరూ ఆవిడకి తోడు ఇంకోదాన్ని తెచ్చుకున్నారా?"

"ఒకటేమిటండీ, అయిదు తెచ్చాను" అన్నాడు గురువుగారు. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎంతోకాలంగా ఎదురుచూస్తున్నవాడిలా ఉంది ఆయన వాలకం. "హాల్లో నాలుగు, పడగ్గదిలో ఒకటి."

అక్క గోడ పట్టుకుంది. బావ మొదటిసారి ఆసక్తిగా ముందుకి జరిగాడు. "ఆవిడ ఊరుకుందాండీ?"

"మొదట్లో గోల చేసిందండీ. ఇప్పుడు అలవాటైంది. వాటి మీద పూలకుండీలు పెట్టుకుంటోంది."

"ఆగండి" అంది టీచరమ్మ. గొంతులో పాత తరగతి గది పలికింది. "వాటి మీద అన్నారేమిటి? వాళ్ళ మీద అనాలి కదా."

"స్పీకర్లని వాళ్ళు అంటారాండీ?"

 ఒక్కటి ఉన్నంతసేపు ఏమైనా అనుకోవచ్చు. రెండయ్యేసరికి మనుషులు వాళ్ళవుతారు, వస్తువులు అవి అవుతాయి. బహువచనం ఎవర్నీ దాచదు.

"మీ తమ్ముడు ఒక్కసారి అవి అని ఉంటే సరిపోయేది" అంది టీచరమ్మ నెమ్మదిగా. ఆవిడ ముఖం పాలిపోయింది.

గురువు దొరక్క, చెమటలు కక్కుతూ తిరిగొచ్చిన పళ్ళాయనకి తన గుమ్మం ముందు నలుగురు మనుషులు కనిపించారు. ఆయన మొదట అది తన ఇల్లేనా అని నంబరు చూసుకున్నాడు.

తలుపు తీయగానే అక్క తిన్నగా లోపలికి వెళ్ళి, హాల్లో దుప్పటి కప్పి ఉన్న రెండు ఆకారాల ముందు నిలబడింది. దగ్గరికెళ్తే అవి దుప్పట్లు కావు, మరదలి శాలువాలు. ఒకటి లాగింది. పెట్టె. రెండోదీ లాగింది. పెట్టె. "ఇప్పుడు నేను మీ ఎదురుగా ఉన్నాను" అన్నాయి పెట్టెలు.

తిడుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. అక్క కుర్చీలో కూలబడి, బావ చేతిలోని సంచీ తీసుకుని, అందులోంచి కాగితంలో చుట్టిన ఒక అద్దం బయటికి తీసింది. చెక్క చట్రం ఉన్న మంచి అద్దం.

"ఇదేమిటక్కా?"

"తిట్టడానికే వచ్చాను. తిట్టాక ఇద్దామని తెచ్చాను" అంది అక్క. "నువ్వు గడ్డం గీసుకునే ఆ ముక్కలో చెంప ఒక్కటే కనపడుతుంది. ఆడమనిషి ఎలా చూసుకుంటుంది? నిజమే అయ్యుంటే బాగుండేదిరా."

 తన కోసం ఊరి ఆ చివర్నుంచి ఒకరు ఇంత కోపంగా పరిగెత్తుకొచ్చారంటే పళ్ళాయనకి ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది. దేన్నీ బయటపెట్టడం చేతగాక టీ పెడతానన్నాడు. ఇంట్లో ఉన్న కప్పులు రెండే.

గురువుగారికి ఈ కష్టసుఖాలేమీ పట్టలేదు. ఆయన గది మధ్యలోకి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాడు. చప్పుడు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు.

"మోగుతోందన్నారు. ఏదీ?"

పళ్ళాయన వచ్చి తానూ కొట్టి చూశాడు. గోడలు జవాబు చెప్పలేదు.

"నిన్న రాత్రి కూడా మోగిందండీ. ఒట్టు."

"నిన్న మీరొక్కరే ఉన్నారు" అన్నాడు గురువుగారు. "మనుషుల ఒళ్ళు, బట్టలు శబ్దాన్ని తాగేస్తాయండీ. మీ పెట్టెల్లో ఏ లోపమూ లేదు. ఈ గదికి కావాల్సింది పరుపులు కాదు, మనుషులు."

అప్పుడు పాట పెట్టారు. మంచి కుర్చీలో బావ కూర్చుని రెండో చరణంలోనే నిద్రపోయాడు. రెండో కుర్చీలో టీచరమ్మ, నేలమీద అక్క, గోడకానుకుని గురువుగారు. తబలా మీద వేలు పడిన చోటు కూడా తెలిసేంత బాగా మోగాయి స్పీకర్లు. పళ్ళాయన మాత్రం పాట సరిగా వినలేదు. వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. "ఇక మీకు సందేహాలేమీ ఉండవు లెండి" అని గురువుగారు మెచ్చుకుని మరీ వెళ్ళాడు. అంతకంటే పెద్ద శాపం ఉండదని ఆయనకేం తెలుసు. పళ్ళాయన అద్దం గోడకి తగిలించి, గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. గోడలు తిరిగి కొట్టాయి.

ఆ వారమంతా ఫోను చేయడానికి కారణం దొరకలేదు. అక్కకి చెప్పడానికి విశేషమూ లేదు. కింద టీచరమ్మ సిగ్గుతో కిటికీ మూసేసుకుంది. గాలి కూడా అక్కర్లేనట్టుంది ఆవిడకి.

మళ్ళీ ఆదివారం పొద్దున పళ్ళాయన తల దువ్వుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, ఫోను చెవికి ఆనించి బాల్కనీలోకి వచ్చాడు.

"గురువుగారూ, మూడోది వస్తోందండీ" అన్నాడు, కాస్త పెద్దగానే. "ఆ, ఇది కొంచెం లావే. గొంతు బొంగురు. ఓ మూల కూర్చోబెడితే చాలట, ఇల్లంతా అదే ఏలుతుందట."

ఫోను అవతల ఎవరూ లేరు. ఎక్కడా బహువచనం దొర్లకుండా మాత్రం చాలా జాగ్రత్తపడ్డాడు.

కాసేపటికి కింద కిటికీ గడియ తీసిన చప్పుడైంది. ఆ వెంటనే టీచరమ్మ గొంతు. "అమ్మా, మూడోదిట. వెంటనే బయల్దేరండి. ఈసారి కప్పులు కూడా పట్టుకురండి."

మూడోది మనిషా, వస్తువా అని ఈసారి టీచరమ్మ వ్యాకరణం జోలికి పోలేదు.