ఎర్రబోర్డు వంకాయలు

ఆ పొద్దున తేజశ్రీ కాళ్లు నేలమీద నిలవలేదు. సూరత్‌లో కోసాడ్ దాటాక, మగ్గాలు మాని కౌలుకు కూరగాయలు పండించుకుంటున్న మన తెలంగాణవాళ్లకు సాగు పాఠాలు చెప్పడం ఆమె ఉద్యోగం. జీతమిచ్చేది హజీరాలోని ఓ కంపెనీ. పెద్దవాళ్లకు చెబితే చెవికెక్కదు, కళ్లకు చూపించాలి కదా! అందుకే రెండు వంగమడులు వేయించింది. పచ్చబోర్డు మడికి కంపోస్టు, ఎర్రబోర్డు మడికి ఏమీ లేదు. ఇవాళ కంపెనీ నుంచి సీతారామయ్య సారు వచ్చి తేడా చూస్తే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

నెల్లాళ్లు ఆఫీసు పనిలో పడి అటు వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లి చూస్తే ఏముంది! ఎర్రబోర్డు మడిలో వంకాయలు నిగనిగలాడుతున్నాయి. పచ్చబోర్డు మడి లంఖణాలు చేసినట్టు బక్కచిక్కి ఉంది!

"ఇదేమిటి కొమురవ్వా?"

"నాకేం ఎరుక బిడ్డా?" కౌలుదారు కొమురవ్వ మొహం తిప్పుకుంది.

ఇంతలో సారు కారు రానే వచ్చింది. తేజశ్రీ గబగబా బోర్డులు పీకి, అటుది ఇటు పాతేసి, ఎదురెళ్లింది. అది పక్క కౌలుదారు రాజలింగం చూశాడు. "అయ్యో, పరేషాన్‌ల బోర్డులు ఉల్టా పెట్టింది పిల్ల" అని జాలిపడి, మళ్లీ సరిచేసి పెట్టాడు. పుణ్యాత్ముడు!

సారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎరువు లేకుండానే ఇంత కాపా? మరి నీ పాఠాలెందుకమ్మా?"

తేజశ్రీ తిరిగి చూస్తే, బోర్డులు మళ్లీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉద్యోగం గోవిందా!

"ఎరువు లేకేంది సారూ?" కొమురవ్వకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఒకదానికి కడుపునిండ పెట్టి ఇంకోదాన్ని మాడగొడితే పానం ఒప్పుతదా? మేడం చెప్పినట్లే ఆకులు, పెండ కుళ్లబెట్టి ఏసిన. ఎవ్వలకు చెప్పలే!"

"నువ్వేంది ఏసేది? నేనేసిన!" రాజలింగం లేచాడు.

"మీరిద్దరు ఏస్తే నేను ఊకున్ననా?" ఇంకో కౌలుదారు భాగీరథి కొంగు దోపింది.

ఇంకేముంది! నేనంటే నేనని అందరూ ఎగబడ్డారు. ఎవరి గుంతలోని కంపోస్టు వాళ్లు తట్టల్లో తెచ్చి, వాసన చూడమని సారు ముక్కుకింద పెట్టారు.

"మరి ఆ పచ్చబోర్డు మడి సంగతి?" సారు ఉక్కిరిబిక్కిరవుతూ అడిగారు.

"దానికి పెట్టనీకి కంపెనీ ఉంది గద సారూ!" అంది కొమురవ్వ. "అందుకే దాని నీళ్లు గూడ దీనికే మలిపినం."

సారు పగలబడి నవ్వారు. "ఇంటింటా కంపోస్టు గుంత! చేస్తూ నేర్చుకోవడమంటే ఇదేనమ్మా. నీ ఉద్యోగం ఖాయం!"

తేజశ్రీ సంతోషం పట్టలేక కొమురవ్వను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

ఇప్పుడామె పర్మనెంటు డ్యూటీ, ఊరూరా తిరిగి ఒక్కో మడిని పస్తులుంచడం.