తిప్పయ్య గొంతున్న బటన్లు

ఆ ఉదయం కేశవ పెట్టుకున్న పని ఒక్కటే. కుందుర్పి గొర్రెల పెంపకందారుల సంఘం గొర్రెలు అమ్ముకోవడానికి తాను తయారుచేసిన వెబ్ పేజీని జిల్లా అధికారికి చూపించి, బాగుందనిపించుకోవాలి. అందులో ఏ బటన్ నొక్కినా శబ్దం వస్తుంది. ఉత్త టిక్కుమంటే ఏం బాగుంటుందని, మేనమామ తిప్పయ్య తన మందను పిలిచే కేకను పోయిన వారం ఫోన్‌లో రికార్డు చేసి, అన్ని బటన్లకూ అదే పెట్టాడు.

తిప్పయ్యకు మాత్రం పేజీ మీద ధ్యాస లేదు. ఆయన చూడి గొర్రె నిన్న సాయంత్రం గుట్ట దగ్గర తప్పిపోయింది. అటువైపు తోడేళ్ళు తిరుగుతాయి. పిలిచి పిలిచి గొంతు పోయి, గుసగుసగా తప్ప మాట రావడం లేదు. మిగిలిన మందను సంఘం ఆఫీసు వెనక, వేరుశనగ పీకిన చేలో వదిలి అరుగు మీద కూలబడ్డాడు.

అధికారి వచ్చాడు. మెడలో చామంతి దండ పడింది. ఊరంతా వినాలని సంఘం అధ్యక్షురాలు గంగాదేవి ల్యాప్‌టాప్‌ను మిద్దె మీది మైకుకు కలిపించింది. అధికారి 'గొర్రెలను చూడండి' అన్న బటన్ నొక్కాడు.

చూడనే చూశాడు. తిప్పయ్య కేక ఊరు దాటి గుట్టకు తగిలింది. సగం మంద వాకిట్లోంచి లోపలికి దూసుకొచ్చింది. కేశవ గాభరాగా ఇంకో బటన్ నొక్కాడు. మళ్ళీ అదే కేక. మిగతా సగమూ వచ్చింది.

"ఏం నొక్కినావప్పా?" అంది గంగాదేవి.

"శబ్దం ఆపే బటనే అక్కా. దానికీ మామ గొంతే పెట్టినా."

అధికారి కుర్చీ ఎక్కాడు. ఒక పొట్టేలు ముందుకాళ్ళు కుర్చీకి ఆన్చి, వేలాడుతున్న దండను నమలసాగింది. గంగాదేవి మైకు తీగ పీకబోయింది. అంతలో అరుగు మీంచి తిప్పయ్య పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పీకొద్దమ్మా," అన్నాడు, గుసగుసగా. "అల్లుడా, ఇంగొకసారి నొక్కు."

కేశవకు అర్థమైంది. నొక్కాడు. కాసేపాగి మళ్ళీ నొక్కాడు. అధికారి కూడా కుర్చీ మీంచే గుట్ట వైపు చూడసాగాడు.

"అదో, వస్తాండాది," అన్నాడు తిప్పయ్య.

గొర్రె నింపాదిగా వస్తోంది. దాని వెనకే తడబడుతూ, ఇంకా ఒళ్ళారని పిల్ల. తిప్పయ్య తలగుడ్డ విప్పి పిల్లను తుడిచాడు. అధికారి కిందికి దిగి, మిగిలిన దండను తల్లిగొర్రె ముందు పెట్టాడు. పేజీ బాగుందని సంతకం చేశాడు.

తొలిరోజు అమ్మకాలేమీ జరగలేదు. సరుకు మాత్రం ఒకటి పెరిగింది.