తొమ్మిదిసార్లు చెప్పిన పొదుపు

డబ్బు దాచుకోవడంలో ఏ సుఖమూ లేదు. దాచుకోవచ్చని ఎవరైనా వచ్చి చెబుతారే, ఆ వినడంలోనే ఉంది సుఖమంతా!

నవ్వకండి. ఈ మధ్య ఆ సుఖాన్ని చట్టం చేశారు. దివ్యాంగులకు పొదుపు పథకం ఒకటి పెట్టారు. వాళ్లు దాచుకున్నదానికి సర్కారు కొంత కలుపుతుంది. నీ దగ్గర డబ్బుంది కదా అని పింఛను ఆపరు. మంచి పథకమే. ఈ సంగతి తెలియక ఎవరూ నష్టపోకూడదని, ఉద్యోగులే వెతుక్కుంటూ వెళ్లి చెప్పి, సంతకం తీసుకుని, ఫొటో దిగి రావాలని చట్టం. ఖాతా తెరిపించాలని మాత్రం అందులో లేదు. ఎంత ముందుచూపు! అన్ని పనులూ ఒక్క చట్టమే చేసేస్తే మిగతా చట్టాలు ఏం తిని బతకాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణాల పక్క సందు మొదట్లో స్వరూపరాణి కూర్చుంటుంది. చీరలకు ఫాల్స్ కుడుతుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. రోజూ కర్మన్‌ఘాట్ నుంచి మూడు చక్రాల బండిని చేతులతో తిప్పుకుంటూ వస్తుంది. పొద్దంతా సూది పట్టాల్సిన చేతులు, పని మొదలుపెట్టకముందే వణుకుతుంటాయి. అందుకని ఆమెకు బ్యాటరీ బండి కావాలి. ఆ బండి కోసం ఈ ఖాతా కావాలి.

చూశారా ఆశ! చెబితే విని ఊరుకోవచ్చు కదా?

మొదట ప్రసన్నకుమార్ అనే ఉద్యోగి వచ్చాడు. మర్యాదస్తుడు, గుంటూరు వైపు మనిషి. కరపత్రం ఇచ్చి పథకమంతా వివరించాడు. స్వరూపరాణి మొహం వెలిగిపోయింది.

“మంచి మాట చెప్పినవ్ సార్. ఖాతా ఎక్కడ తెరుస్తరు?”

“అది మా సెక్షన్ కాదండి. మాది చెప్పే సెక్షన్. కొంచెం నవ్వండి, ఫొటో.”

ఆమె నవ్వింది. ఆ వారంలోనే ఇంకొకరు వచ్చారు. తర్వాత ఇద్దరు కలిసి వచ్చారు. ఎందుకంటారా? నెలకు ఇంతమందికి చెప్పాలని ఒక్కొక్కరికీ టార్గెట్. తక్కిన దివ్యాంగులు మేడల మీద కిరాయి గదుల్లో ఉన్నారు. అన్ని మెట్లు ఎక్కి చెప్పాలంటే ఉద్యోగుల మోకాళ్లు ఏమైపోవాలి? స్వరూపరాణి అయితే రోడ్డు పక్కనే ఉంటుంది. స్కూటర్ దిగకుండానే చెప్పెయ్యొచ్చు. అలా పక్క వార్డుల వాళ్లు కూడా వచ్చి ఆమెకే చెప్పి వెళ్లారు. మొత్తం తొమ్మిది సార్లు! మన కాలనీ సంఘం ప్రెసిడెంటుకైనా ఇంతమంది వచ్చి ఇంత వినయంగా ఏదైనా చెప్పారా?

పక్కనే అగరుబత్తులు అమ్మే బిక్షమయ్యకు చూపు లేదు. ఆయనకూ ఆరు రంగుల కరపత్రం ఇచ్చారు. ఆయన తడిమి చూసి మెచ్చుకున్నాడు.

“కాగితం మంచిగ నున్నగున్నది సార్. ఏం రాసిండ్రు ఇండ్ల?”

“వివరాలన్నీ అందులోనే ఉన్నాయండి, చూసుకోండి.”

ఇంతకంటే సమానత్వం ఎక్కడైనా ఉందా?

ఇందులో నా బాధ కూడా కొంత ఉంది. మా ఆవిడ చీరలు నాలుగు స్వరూపరాణి దగ్గర ఇరుక్కుపోయాయి. ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు ఆమెకు పొదుపు గురించి చెబుతూ ఉండేవారు. ఇక లాభం లేదని కార్యాలయం ఎక్కడుందో నేనే కనుక్కున్నాను. ఒక మంగళవారం ఆమె బండి వెనకే స్కూటర్ మెల్లగా నడుపుకుంటూ ఎల్బీనగర్ చేరాను. కౌంటర్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్‌కు తాళం వేసి ఉంది. మెట్లు ముప్పై నాలుగు. నేనే పైకెళ్లి అడిగాను. దరఖాస్తుదారే కౌంటర్ దగ్గరికి రావాలన్నారు.

పదకొండు గంటలకు ఒక అద్భుతం జరిగింది. ఆఫీసుకు ఆఫీసే ఆ మెట్లన్నీ టకటకా దిగి వచ్చింది. చాయ్ బండి కిందే ఉంది మరి! కౌంటర్లో కూర్చునే బిందుమాధవి గారు కూడా దిగారు. స్వరూపరాణి తన బండిని ఆమెకు అడ్డంగా తిప్పింది.

“మేడం, ఖాతా కోసం ఒచ్చిన.”

ఆవిడ పేరు అడిగి ఫోన్లో చూసింది. “నీకు తొమ్మిదిసార్లు చెప్పిండ్రమ్మా. ఇన్నిసార్లు చెప్పినా ఖాతా తెరవకపోతే ఆసక్తి లేనట్టే. సిస్టమ్ నీ పేరు తీసేసింది.”

“ఆసక్తి లేకపోతే ఈ చేతులతోని దిల్‌సుఖ్‌నగర్ నుంచి బండి తిప్పుకుంట ఎందుకొస్త మేడం? చాయ్ తాగనీకా?”

“నువ్వెట్ల ఒచ్చినవో రాసే కాలమ్ లేదమ్మా ఇండ్ల.” బిందుమాధవి గారు ఫోన్లో ఇంకో పేజీ తెరిచింది. “కొత్తగ ఇంకోసారి చెప్పినట్టు ఎక్కిస్తే నీ పేరు మళ్ల ఒస్తది.”

అక్కడికక్కడే పదోసారి చెప్పారు. కరపత్రం, సంతకం, ఫొటో. బిందుమాధవి గారు తృప్తిగా తల ఊపింది. “అయిపోయింది. ఇగ పైకొచ్చి ఫారం తీస్కో.”

స్వరూపరాణి మెట్ల వైపు ఒకసారి చూసింది.

“గట్లనే మేడం. నేనొస్తున్ననని గా మెట్లకు గూడ జర చెప్పుండ్రి.”

చాయ్ బండి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. బిందుమాధవి గారి చాయ్ సగం గ్లాసులోనే ఉండిపోయింది. ఆవిడ పైకెళ్లి, ఫారం, స్టాంపు ప్యాడ్, వేలిముద్రల యంత్రం చున్నీలో మూటగట్టుకుని దిగి వచ్చింది. ఫారం స్వరూపరాణి బండి మీదే పెట్టి ఆవిడే నింపింది. ఖాతా తెరుచుకుంది.

పాఠకులారా, ఈ ఉద్యోగి మీద కఠిన చర్య తీసుకోవాలని నేను డిమాండ్ చేస్తున్నాను. ఇవాళ ఒకరు దిగి వస్తే రేపు అందరూ దిగి రావాల్సి వస్తుంది. మనుషుల పనులు ఇలా అయిపోతే ఇక చెప్పే సెక్షన్ ఎవరికి చెప్పాలి? ఇన్ని కరపత్రాలు ఏమవ్వాలి?

పైగా ఆ పనంతటికీ పట్టింది నాలుగంటే నాలుగు నిమిషాలు. ఈ ఒక్క సంగతి మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి.