చల్లారిన గుంత, ఇత్తడి ఫలకం

“భూమాతే పొయ్యి, కాలమే వంటమనిషి! ఇరవై నాలుగు గంటలు మట్టిలో ఉడికిన ఈ రొట్టె మన జాతి ఆత్మ!”

ఐస్‌లాండ్‌లో ఒక సరస్సు ఒడ్డున, నల్ల ఇసుక మీద ఈ బోర్డు మూడు భాషల్లో ఉంది. దాన్ని రోజూ తుడిచేది సోల్వేయిగ్. ఆ జాతి ఆత్మ మాత్రం మే నెల నుంచి ఆమె వంటింటి కరెంటు ఓవెన్‌లో ఉడుకుతోంది.

తప్పు ఆమెది కాదు. మేలో భూమి కాస్త కదిలింది, నేల అడుగు ఆవిరి వేడితో మూడు తరాలుగా రొట్టె ఉడికించిన గుంత చల్లారిపోయింది. అమ్మమ్మ తవ్విన గుంత తన చేతుల్లో చచ్చిపోయిందని ఆమె రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు టూరిస్టుల బస్సు వచ్చింది. కళ్ళు తుడుచుకుని ఓవెన్ స్విచ్ వేసింది. అప్పటినుంచి రోజూ పదకొండింటికి భర్త ఆర్న్‌గ్రీమ్ వేడి తపేలాను గుంతలో పూడుస్తాడు, పన్నెండింటికి ఆమె భక్తిగా తవ్వి తీస్తుంది. టూరిస్టులు వెన్న రాసుకుని, పొగబెట్టిన చేపముక్క పెట్టుకుని, కళ్ళు మూసుకుని తింటారు.

“నిజం చెప్పేద్దాం సోల్వేయీ,” అనేవాడు ఆర్న్‌గ్రీమ్.

“చెప్తే బస్సు పక్క ఊరికి పోతుంది. అమ్మమ్మ పేరు మట్టిలో కలుస్తుంది.”

“రొట్టె ఎలాగూ కలవట్లేదు. పేరైనా కలవనీ.”

ఇలా ఉండగా రాజధాని నుంచి వారసత్వ శాఖ డైరెక్టరు ఇంగిమార్ తనిఖీకి వచ్చాడు. తనిఖీలో నెగ్గితే పెట్టాల్సిన ఇత్తడి ఫలకం అప్పటికే ఆయన కారు డిక్కీలో ఉంది. సాయంత్రం మంత్రి దాన్ని ఆవిష్కరిస్తాడని పేపర్లో కూడా పడింది. ఎంతైనా ప్రభుత్వానికి ముందుచూపు ఎక్కువ.

ముప్పైమంది టూరిస్టుల ముందు ఇంగిమార్ గొంతు సవరించుకున్నాడు.

“నేను చెప్పుడు మాటలు నమ్మే రకం కాదండీ. నిన్న సాయంత్రమే వచ్చి, ఈ గుంత మూలన ఒక పచ్చి గుడ్డు పాతిపెట్టాను. ఈపాటికి ఉడికే ఉంటుంది. అదే నా పరీక్ష.”

సోల్వేయిగ్ భర్త వైపు చూసింది. ఆర్న్‌గ్రీమ్ చేతిలోని పారను వీపు వెనక దాచుకున్నాడు.

ఇంగిమార్ గుడ్డు పైకి తీసి, అందరికీ చూపించి, రాతికేసి కొట్టాడు. తెల్లసొన జారి ఆయన చేతిగడియారంలోకి దూరింది.

ఆయన గుంత వైపు చూశాడు. కారు డిక్కీ వైపు చూశాడు. తర్వాత తల వెనక్కి వాల్చి, పెంకు నోటి దగ్గర పెట్టుకుని గుటుక్కున మింగేశాడు.

“అద్భుతం. ఎంత ఉడకాలో అంతే ఉడికింది.”

చప్పట్లు మోగాయి. ఒక జర్మన్ ఆవిడ తనకూ అలాంటి గుడ్డే కావాలంది.

ఇంగిమార్ సోల్వేయిగ్‌ను పక్కకు పిలిచాడు. “మీ ఓవెన్ ఎన్ని డిగ్రీలమ్మా?”

“వంద,” అంది ఆమె నేల చూస్తూ.

ఆయన రాసుకున్నాడు: ‘గుంత ఉష్ణోగ్రత నూరు డిగ్రీలు. స్వయంగా పరిశీలించి ధ్రువీకరించడమైనది.’

ఫలకం నిలబెట్టడానికి ఆర్న్‌గ్రీమ్ గుంతకు నాలుగడుగుల అవతల పార వేశాడు. బుస్సుమని ఆవిరి తన్నింది.

“సోల్వేయీ, ఇలా రా. వేడి ఎక్కడికీ పోలేదు, ఇక్కడికి జరిగింది.”

ఆమె ఆవిరి మీద చెయ్యి పెట్టి చూసి, పోయిన మనిషి తిరిగొచ్చినంత సంబరపడింది. “ఇంగిమార్ గారూ, ఇక ఓవెన్‌తో పని లేదు. రేపటినుంచి ఇక్కడే పూడుస్తాం, నిజంగానే.”

ఇంగిమార్ ముఖం మాడిపోయింది. “అదెలా కుదురుతుందమ్మా? నేను ధ్రువీకరించింది ఆ గుంతని. మ్యాపులో ఉన్నదీ అదే. ఇక్కడ ఉడికిస్తే అది నకిలీ రొట్టె.”

మంత్రి వచ్చాడు, ఆవిష్కరించాడు, రెండు ముక్కలు తిని వెళ్ళాడు.

ఇప్పుడు రొట్టె ఫలకం వెనక, ఎవరి కంటా పడని చోట, ఇరవై నాలుగు గంటలూ భూమిలోనే ఉడుకుతోంది. పదకొండింటికి ఆర్న్‌గ్రీమ్ దాన్ని తీసి, తపేలా తుడిచి, చల్లటి గుంతలో పూడుస్తాడు.

“ఇప్పుడైనా నిజం చెప్పేద్దాం సోల్వేయీ.”

“నోరు మూసుకుని పూడ్చు. నిజంగా భూమిలో ఉడుకుతోందని తెలిస్తే ఫలకం పీక్కుపోతారు.”