తొంభై రెండు శాతం భయం

శనివారం పొద్దున పదింటికి బోయిగూడలో బయలుదేరి, పదకొండు కల్లా కాప్రా చేరాలన్నది దేవకృప ప్లాను. కూతురు జెరూషాకు అక్కడ సంబంధం దాదాపు కుదిరింది. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, పిల్లవాడి ఇల్లు చూసి రావడమే మిగిలింది. "మీ ముగ్గురే రండి. ఖాయమయ్యేదాక ఎవ్వరికీ చెప్పకండి," అని పిల్లవాడి తల్లి కుసుమకుమారి ఫోనులో మరీ మరీ చెప్పింది.

కరెంటు కారు జెరూషా తన జీతంతో కొన్నది. నడిపేది, భయపడేది మాత్రం తండ్రి అబ్రహాం. మీటరు తొంభై రెండు శాతం చూపిస్తోంది. కాప్రా పద్నాలుగు కిలోమీటర్లు.

"డాడీ, ఈ చార్జింగ్‌తో సూర్యాపేట పోయి రావచ్చు," అంది జెరూషా.

"సూర్యాపేట రోడ్డు మీద చార్జింగ్ పాయింట్లున్నయి. కాప్రా దారిల ఏమున్నది?" అంటూ అబ్రహాం ఏసీ ఆపేశాడు.

పట్టుచీరలు చెమటకు తడిసేసరికి మెట్టుగూడ వచ్చింది. మీటరు ఒక్క శాతం తగ్గింది. అబ్రహాం బండిని నేరుగా అక్క రోసమ్మ ఇంటిముందు ఆపి, వాషింగ్ మెషీన్ ప్లగ్గులో వైరు పెట్టాడు.

"ఏందిరా, గిట్లొచ్చినవ్?"

"జెర చార్జింగ్ పెట్టుకుంట అక్కా. అర్ధగంటే."

రోసమ్మ ముందు మరదలి పట్టుచీర చూసింది, తర్వాత పళ్లబుట్ట చూసింది. చార్జింగ్ కోసం పట్టుచీర కట్టేవాళ్లను ఆమె ఎరగదు. శుభకార్యానికి ఆడపడుచును ఇంటికొచ్చి పిలవాలి కదా, పిలవడానికే వచ్చి తమ్ముడు మొహమాటపడుతున్నాడనుకుంది.

"పరేషాన్ కాకు. నువ్వు నోరు తెరిచి అడగకున్నా నేనొస్త," అని, చీర మార్చుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది.

బరువు పెరిగింది కాబట్టి మౌలాలిలో అబ్రహాంకు మళ్లీ భయం పట్టుకుంది. అక్కడ చిన్నాన్న కొడుకు ఐజాక్ ఇంట్లో మళ్లీ వైరు పెట్టాడు. ముందు సీట్లో రోసమ్మను చూడగానే ఐజాక్ ముఖం తిప్పుకున్నాడు.

"ఆమెను ముందు పిలిచి, నన్ను దారిల పోతూ పిలుస్తున్నవా అన్నా? కానీ. పిల్ల మొఖం చూసి వస్తున్న."

ఐజాక్ వెనక సీట్లో ఇరుక్కున్నాడు. అతని భార్య, అత్త, మరదలు ఆటోలో వెంట వచ్చారు.

కుసుమకుమారి తలుపు తీసేసరికి గుమ్మంలో ఎనిమిది మంది ఉన్నారు. లోపల ఉప్మా ముగ్గురికే ఉంది. జెరూషా తలెత్తలేదు. సంబంధం చేజారిపోయిందనే దేవకృప అనుకుంది.

"వీళ్లందరూ..." అంది కుసుమకుమారి.

"మావాళ్లేనండీ. చార్జింగ్ కోసం ఆగితే వచ్చిన్రు," అన్నాడు అబద్ధం చేతకాని అబ్రహాం.

కుసుమకుమారి పక్కింటి నుంచి కుర్చీలు తెప్పించింది. "ముగ్గుర్నే ఎందుకు రమ్మన్నననుకున్నరు వదినగారూ? ఇంతకుముందు సంబంధమోళ్లు మా హాల్లోనే వాళ్లల్ల వాళ్లు కొట్లాడుకున్నరు. మీరు చూస్తే ఇట్ల కలిసొచ్చిన్రు. మాకు గిట్లాంటి ఇల్లే కావాలె."

'వదినగారూ' అన్న పిలుపుతో దేవకృపకు ఊపిరాడింది. రోసమ్మకూ ఐజాక్‌కూ రెండేళ్లుగా మాటల్లేవన్న సంగతిని ఆమె ఉప్మాతో పాటు మింగేసింది.

కారెక్కాక జెరూషా మీటరు చూపించింది. "తొంభై ఆరు, డాడీ. బయలుదేరినప్పటికన్న నాలుగు ఎక్కువే."

అబ్రహాం చేయి చాచి ఏసీ వేశాడు.

ఉంగరాలు మార్చుకునే ప్రధానం తేదీ పెట్టుకోవడానికి మళ్లీ కాప్రా వెళ్లిన రోజు అతను మీటరు వంకే చూడలేదు. చుట్టాల ఇళ్లు తగలకుండా తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లాడు.