నా మోకాళ్లూ, మా ఓనరు మాత్రలూ

నలభై దాటినవాడు అన్నం మానేసినా ఫరవాలేదు, సప్లిమెంట్ మాత్రం మానకూడదు! ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినవాడి మాట కదా అని తీసిపారేయకండి. డాక్టర్లు చదివి చెప్తారు. నేను మింగి చెప్తున్నాను.

నేను బట్టలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్ని. మిషన్ల వాళ్లకి కుర్చీలుంటాయి. నాకు ఇరవై ఎనిమిదేళ్లుగా టేబులూ, కత్తెరా, నా రెండు కాళ్లూ. ఇప్పుడు మెట్లెక్కుతుంటే నాకన్నా ముందు నా మోకాళ్లే మాట్లాడతాయి. ఆ చప్పుడు విని మా ఆవిడ టీ పెట్టేస్తుంది. కాలింగ్ బెల్ ఖర్చు మిగిలిందా లేదా?

అయినా మనిషికి ఆశ చావదు కదా. ఓనరు దగ్గరికెళ్లి ఒక్క స్టూలు వేయించమని అడిగాను. ఆయన గుండ్రంగా తిరిగే కుర్చీలో ఓసారి అటు తిరిగి, ఇటు తిరిగి, అన్నాడు:

"మాస్టారూ, నీకేస్తే ఇస్త్రీ వాడూ అడుగుతాడు. అయినా బలం లోపలి నుంచి రావాలయ్యా."

ఎంత మాట! వారం తిరక్కుండా ఓనరు పంపిన లోపలి బలం అట్టపెట్టెలో దిగింది. ఎముకలకో మాత్ర, ఎముకల మధ్య గుజ్జుకో మాత్ర, గుండెకి చేపనూనె, ఇవన్నీ మింగడం మర్చిపోకుండా జ్ఞాపకశక్తికి ఇంకోటి. వీటితో పాటు తాగే నీళ్లకే కడుపు నిండుతుంది. ఆ నీళ్ల పుణ్యమా అని గంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. అంటే వ్యాయామం కూడా ఫ్రీ!

మోకాలి నొప్పి సంగతంటారా? రెండు నెలలైనా అది నన్ను వదల్లేదు, నమ్మకస్తురాలు.

"మాత్ర మోకాలి దాకా వెళ్తుందని ఎవరు చెప్పారు? మీ మాటే ఓనరు చెవి దాకా వెళ్లదు" అంది మా ఆవిడ. ఆడవాళ్లకి సైన్స్ మీద నమ్మకం తక్కువ.

ఇంతలో రెండో పెట్టె వచ్చింది. సీల్ కూడా విప్పకుండా నా టేబుల్ పక్కన పడేసి పోయారు. ఓ మధ్యాహ్నం కాలు మడత పడి, దభీమని దానిమీద కూలబడ్డాను.

ఆహా!

అప్పట్నుంచి కోసిన ముక్కల్ని కట్టలు కట్టే పని అక్కడే. ఓనరు చెప్పుల చప్పుడు వినిపిస్తే లేస్తాను. మూడు వారాల్లో సగం నొప్పి మాయం!

మొన్న ఆయనే ఆగి, మందు ఎలా ఉందని అడిగాడు. సగం తగ్గింది సార్ అన్నాను. అబద్ధం కాదుగా? ఆయన పొంగిపోయి, నడుం పట్టేసిన ఇస్త్రీ వాడికీ ఓ పెట్టె ఆర్డరిచ్చాడు. వాడెలా వాడాలో నేను చెప్పి ఉంచాను.

మీకూ అదే చెప్తున్నా. కంపెనీ ఏదైనా సరే, నిండు పెట్టె తెచ్చుకోండి. సీల్ మాత్రం విప్పకండి. ఒక్క సీసా తీసినా మధ్యలో కుంగిపోతుంది. మా ఓనరు చెప్పింది అక్షరాలా నిజం, బలం లోపలి నుంచే రావాలి!