ఆమోదిత పురుగు

మన పురుగుల మధ్య ఎలాంటి భేదాలూ లేవని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు.

"అన్ని జిల్లాల పురుగులూ ఒక్క తల్లి పిల్లలే! ఇది నేనంటున్న మాట కాదు, డీఎన్‌ఏ అంటున్న మాట!" అని ఆయన బల్ల గుద్దేసరికి ముందున్న మైకులన్నీ ఉలిక్కిపడ్డాయి.

క్యాబేజీని తినే వజ్రపు రెక్క పురుగు ఊరికో రకంగా ఉంటుందనీ, ఒకచోట పనిచేసే మందు ఇంకోచోట పనిచేయదనీ గిట్టనివాళ్లు చాలాకాలంగా అంటున్నారు. ఆ నోళ్లు మూతపడ్డాయి. పురుగు ఒక్కటే కాబట్టి మందూ ఒక్కటే. ఆ మందు అప్పటికే కొని గోదాముల నిండా సర్దేశారు. ముందు కొని తర్వాత పరిశోధన చేయించడానికి ఎంతో దూరదృష్టి కావాలి.

రెండో వరసలో కూర్చున్న డిప్యూటీ డైరెక్టరు గారి ఛాతీ చొక్కా గుండీలకు పరీక్ష పెడుతోంది. పరిశోధనకు పురుగుల్ని సేకరించింది ఆయనే.

ఆ సేకరణ గురించి కాస్త చెప్పుకోవాలి. ప్రతి జిల్లా నుంచీ బతికున్న పురుగుల్ని పంపమని ఆయన సర్క్యులర్ జారీ చేశారు. ఒక జిల్లావాళ్లు జీపులో డీజిల్ లేదన్నారు. ఇంకో జిల్లావాళ్లు పురుగులకు బదులు వాటి ఫొటోలు పంపారు. మరో జిల్లా ఆఫీసరు తన పరిధిలో పురుగులే లేవని సంతకం పెట్టి ముద్ర వేసి పంపాడు. గడువు ముంచుకొచ్చింది. డిప్యూటీ గారు బెంబేలెత్తే మనిషి కాదు. హెడ్డాఫీసు వెనకాల, సైకిల్ స్టాండు పక్కన, వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి వేసిన క్యాబేజీ మడి ఒకటుంది. ఆయన ప్యాంటు మడిచి స్వయంగా అందులో దిగారు. పురుగుల్ని ఏరి, సీసాల్లో వేసి, సీసాలకు జిల్లాల పేర్లు అంటించారు. పక్షపాతమన్నది ఆయన ఎరగరు. పెద్ద జిల్లాలకు బొద్దుగా ఉన్నవి వేశారు. వెనకబడిన జిల్లాలకు బక్కవి వేశారు. మంత్రిగారి సొంత జిల్లాకు మాత్రం చురుగ్గా పాకేవాటిని ఎంచారు.

ఫలితాలు చూసుకుని ల్యాబ్ మేడమ్ ఆయన గదికి వచ్చింది.

"సార్, ఎక్కడైనా ఊరికీ ఊరికీ కొంత తేడా ఉంటుంది. ఇవన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి."

"ఐకమత్యం అంటే అదే కదమ్మా!"

"పిల్లల్లా కాదు సార్. నిజంగానే ఒక్క తల్లి పిల్లలు."

"ఈ వాక్యం చాలా బాగుంది. రిపోర్టులో అన్నిటికంటే పైన పెట్టండి," అన్నారు డిప్యూటీ గారు.

మందు ఊరూరా వెళ్లింది. మొదటి ఫోను అక్క దగ్గర్నుంచి వచ్చింది. చిన్నప్పుడు తల్లి పోతే డిప్యూటీ గారిని చంకనేసుకుని పెంచిన అక్క. తమ్ముడి మాట నమ్మి ఈసారి చేనంతా క్యాబేజీయే వేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నీ మందు చల్లాను రా."

"చచ్చాయా అక్కా?"

"చావడమా? తలంటి పోసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఆకలి కూడా పెరిగినట్టుంది."

"సరిగ్గా కలిపావా?"

"నీకు పాలు కలిపి పెంచినదాన్ని, మందు కలపడం రాదట్రా నాకు? ఇది గడ్డ కట్టే సమయం. ఇప్పుడు ఆకు పోతే గడ్డ లేదు. గడ్డ లేకపోతే ఈ ఏడు నాకు ఇంకో పంటే లేదు. ఒక్కసారి వచ్చి చూడు."

"నువ్వు కంగారుపడకక్కా. రికార్డు ప్రకారం అవి చచ్చిపోయాయి."

"ఆ సంగతి నువ్వే వాటికి చెప్పు," అని అక్క ఫోను తీసుకెళ్లి ఆకు దగ్గర పెట్టింది.

డిప్యూటీ గారు చెవి ఆనించి విన్నారు. ఏ చప్పుడూ లేదు. మందు పనిచేస్తోందనే అనుకున్నారు.

అలాంటి ఫోన్లు మంత్రిగారికి కూడా వచ్చాయి. ఆయన వెంటనే సమీక్షా సమావేశం పెట్టించారు.

"తప్పు మందుదా, పురుగుదా? సూటిగా చెప్పండి."

ల్యాబ్ మేడమ్ లేచి నిలబడింది. "మన ఆఫీసు మడిలో పురుగులు ఈ మందుకి చస్తాయి సార్. వాటి మీద ఎప్పుడూ ఎవరూ ఏ మందూ చల్లలేదు. పొలాల్లోవి అలా కాదు. ఏళ్ల తరబడి చల్లుతున్నారు. చచ్చేవి చచ్చాయి, చావనివి పిల్లల్ని పెట్టాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో రకం మొండిది మిగిలింది."

డిప్యూటీ గారికి దగ్గొచ్చింది.

"మందు మార్చమంటారా? గోదాముల్లో ఉన్నది మీరు తాగుతారా, నేను తాగనా?" అన్నారు మంత్రిగారు.

"ఇంకో దారి ఉంది సార్. మందు ఎరగని పురుగుల్ని పొలాల్లో వదిలితే, అవీ ఇవీ కలిసి, కొన్ని తరాలకు ఆ మొండితనం తగ్గొచ్చు. కానీ అన్నాళ్లూ మందు చల్లకూడ..."

మంత్రిగారు చెయ్యెత్తారు. సగం వాక్యంలోనే సారం పట్టేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"మన మందుకు తగిన పురుగును రైతుకు మనమే ఇద్దాం. ఉచితంగా ఇద్దాం!"

అలా ఆమోదిత పురుగుల పంపిణీ పథకం పుట్టింది. డిప్యూటీ గారు దానికి స్పెషలాఫీసరు అయ్యారు. జనానికి నమ్మకం కుదరాలంటే సొంతవాళ్ల చేనులోనే మొదలుపెట్టాలని మంత్రిగారు సెలవిచ్చారు.

ఆఫీసు మడి పురుగుల పెట్టెలు చేనులో దించుతుంటే అక్క నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఏంట్రా ఇవి? ఉన్నవి చాలక ఇంకా తెచ్చావా?"

"ఇవి చచ్చే రకం అక్కా."

"చచ్చేవాటిని ఇంత దూరం మోసుకురావడం దేనికి? అక్కడే చంపేస్తే పోయేది కదా?"

డిప్యూటీ గారు దీనికి మంచి జవాబే చెప్పేవారు. ఇంతలో మంత్రిగారి కారు వచ్చింది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి పెట్టె మూత తీశారు. పురుగులు ఆకుల మీదికి పాకాయి. వెంటనే మందు చల్లారు. ఆమోదిత పురుగులు ఎంతో క్రమశిక్షణతో కింద పరిచిన తెల్లగుడ్డ మీద రాలిపోయాయి. ఒక్కటి కూడా మాట తప్పలేదు. చప్పట్లు మోగాయి.

అక్క ఒక ఆకు తిప్పి పట్టుకుంది. "అయ్యా, మరి వీటి సంగతి?"

ఆకు వెనకాల పురుగులు తలెత్తకుండా తింటున్నాయి.

"ఇవెవరివి?" అన్నారు మంత్రిగారు.

"మావే అయ్యా. పాతవి."

"పాతవాటికి ఈ పథకం వర్తించదమ్మా," అని మంత్రిగారు ఓదార్చారు. డిప్యూటీ గారు అక్క చేతిలోంచి ఆకు అందుకుని, నిద్రపోయే పిల్లాడికి దుప్పటి కప్పినట్టు మెల్లగా ఎలా ఉన్నదాన్ని అలా సర్దేశారు.

తర్వాత అక్క నష్టపరిహారం అడిగింది. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. ఆమోదిత పురుగులు ఏమీ తినకముందే మరణించినందున పంటకు నష్టం జరగలేదు అని అందులో ఉంది. కింద ఉన్న సంతకం అక్కకు బాగా తెలుసు. పలక మీద ఆ పేరు రాయడం నేర్పింది తనే.

సీజను చివర్లో పురుగుల లెక్క తీయడానికి సర్వే బృందాలు బయల్దేరాయి. ఎక్కడ చూసినా పురుగులే. ఒక్క చేనులో మాత్రం వెతికి వెతికి అలిసిపోయినా ఒక్కటీ దొరకలేదు. అది స్పెషలాఫీసరు గారి అక్క చేను. మంత్రిగారి ఆనందానికి అంతు లేదు. పురుగు రహిత ఆదర్శ రైతు అవార్డు అక్కడికక్కడే పుట్టింది. చేను మధ్యలోనే స్టేజీ కట్టారు. కట్టడం చాలా సులువైంది, ఎక్కడా మొక్క అడ్డం రాలేదు.

"చూడండి! భూతద్దం పెట్టి వెతుక్కోండి! ఒక్క పురుగైనా ఉందా?" అన్నారు మంత్రిగారు. విలేకరులు వంగి చూశారు. లేదు. కొత్తగా తిరగేసిన మట్టి మాత్రం సాళ్లు సాళ్లుగా ఆ చివరిదాకా కనిపిస్తోంది.

మంత్రిగారు అవార్డు చేతికిచ్చి, మైకు అక్క ముందుకు జరిపారు.

"ఏ మందు వాడావమ్మా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. డిప్యూటీ గారు తన బూట్ల వైపు చూసుకున్నారు.

"ట్రాక్టరండి," అంది అక్క.

మంత్రిగారు మెచ్చుకోలుగా తలాడించారు.

"రాసుకోవయ్యా డిప్యూటీ. అన్ని జిల్లాలకూ ఇదే."

డిప్యూటీ గారు రాసుకున్నారు.